కన్సెంట్ ఇచ్చారా?



2015 జనవరి, ఫిబ్రవరి నెలల్లో తుళ్లూరు, మందడం, వెలగపూడి వైపు ఎవరు ఎవరికి ఎదురుపడినా కుశలప్రశ్న కన్నా ముందు ఒక మాట వినిపించేది: "కన్సెంట్ ఇచ్చారా?" అమరావతి రాజధాని కోసం భూసమీకరణ మొదలైన రోజులవి. ఏటి ఒడ్డు జరీబు భూముల్లో అరటి, కంద, పసుపు, కూరగాయలు పండించేవాళ్లూ, మెట్ట పొలాల్లో పత్తి వేసేవాళ్లూ, బడి గడప తొక్కని పెద్దవాళ్లూ అందరూ ఆ ఇంగ్లీషు మాటనే వాడారు. ఒప్పుకున్న రైతు నింపి ఇచ్చే కాగితం 9.3 ఫారం. అభ్యంతరం ఉన్నవాళ్లది 9.2. పెనుమాక, ఉండవల్లి వంటి ఊళ్లలో 9.2లు గట్టిగానే పడ్డాయి. తుళ్లూరు వైపు 9.3లు చకచకా సాగాయి. కొద్ది నెలల్లోనే 30 వేల ఎకరాలకు పైగా భూమికి యజమానుల సమ్మతి పత్రాలు రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ చేతికి అందాయి.

ఆ తర్వాతి కాగితం 9.14. అది అభివృద్ధి ఒప్పందం, దానితోపాటే వెనక్కి తీసుకోవడానికి వీల్లేని పవర్ ఆఫ్ అటార్నీ. జరీబు ఎకరం ఇచ్చిన రైతుకు 1000 చదరపు గజాల ఇంటి స్థలం, 450 గజాల వ్యాపార స్థలం. మెట్ట ఎకరానికి 1000 గజాలు, 250 గజాలు. దీనితోపాటు పదేళ్లు ఏటా సొమ్ము: జరీబుకు ఎకరానికి 50 వేల రూపాయలు, మెట్టకు 30 వేలు, ఏడాదికి పది శాతం పెంపు. ప్రభుత్వం భూమి యజమానికి కట్టే ఈ సొమ్మును ఊళ్లో జనం 'కౌలు' అన్నారు. అదే భూమిని అంతకుముందు కౌలుకు చేసుకుంటున్న మనిషిని మాత్రం ఎవరూ కన్సెంట్ అడగలేదు. భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు, ఆ లెక్కలోకి వస్తే వచ్చాడు.

ఒక్క మాటలో ఇన్ని సంగతులు ఇమిడి ఉన్నాయి కాబట్టి దాన్ని కాస్త విప్పి చూడాలి.

సర్కారీ ఇంగ్లీషులో ఒప్పుకోవడానికి చాలా మాటలున్నాయి. వాటిలో మూడు ఆంధ్రప్రదేశ్ పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. చట్టసభ ఆమోదించిన బిల్లుకు గవర్నరో రాష్ట్రపతో ఇచ్చేది అసెంట్. ఆ సంతకం పడితేనే బిల్లు చట్టమవుతుంది. రాష్ట్ర విభజన బిల్లుకు రాష్ట్రపతి అసెంట్ 2014 మార్చి 1న దొరికింది. ఒక శాఖ ఫైలు మీద ఆర్థిక శాఖ "మాకు అభ్యంతరం లేదు" అని రాస్తే అది కన్‌కరెన్స్. అది లేకపోతే ఎంత మంచి పథకమైనా బీరువాలోనే ఉంటుంది. మూడోది కన్సెంట్. ఇది పదవి నుంచి వచ్చేది కాదు, మామూలు మనిషి తన ఇష్టంతో ఇచ్చేది. తన పొలం మీద, తన ఒంటి మీద, తన వివరాల మీద తనకున్న హక్కులో కొంత ఎదుటివారికి అప్పగించడం. తెలుగు పత్రికల్లో ఈ మూడూ ఆమోదమనో, సమ్మతి అనో, అంగీకారమనో ఒకదాని చోట ఒకటి వస్తుంటాయి. వార్త చదివేవారికి పెద్ద ఇబ్బంది లేదు. సంతకం పెట్టేవారికి మాత్రం ఉంది.

కన్సెంట్‌కు మన చట్టంలోనే నిర్వచనం ఉంది. 1872 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన భారత ఒప్పందాల చట్టం 13వ సెక్షన్ ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఇద్దరు గానీ, అంతకు ఎక్కువమంది గానీ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటే వాళ్లు సమ్మతించినట్టు. ఆ వాక్యంలో సంతకం ఊసే లేదు, కాగితం ఊసూ లేదు, స్టాంపు ఊసూ లేదు. ఉన్నదల్లా అర్థం. తర్వాతి సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కింది. ఆ సమ్మతి స్వేచ్ఛగా ఉండాలి. బలవంతం, పెద్దరికాన్ని అడ్డం పెట్టుకుని చేసే ఒత్తిడి, మోసం, తప్పుడు సమాచారం, పొరపాటు... ఈ ఐదింటిలో ఏ ఒక్కటి వల్ల పుట్టినా అది స్వేచ్ఛా సమ్మతి కాదు. నూటయాభై ఏళ్ల కిందటి ఆ చట్టం ఇప్పటికీ నడుస్తోంది. మైలవరంలో మామిడి తోట బేరానికీ, బందరు రోడ్డులో అపార్ట్‌మెంట్ కొనుగోలుకూ అదే చట్టం.

ఒకే అర్థం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి లాయర్లు పాత ఇంగ్లండు కేసు ఒకటి చెబుతారు. అది మన దేశపు పత్తి గురించే. బొంబాయి నుంచి పీర్‌లెస్ అనే ఓడలో వచ్చే సూరత్ పత్తి 125 బేళ్లు అమ్మడానికి ఒకరు, కొనడానికి ఇంకొకరు ఒప్పుకున్నారు. కాగితం మీద ఓడ పేరు స్పష్టంగానే ఉంది. తీరా చూస్తే అదే పేరుతో రెండు ఓడలు. ఒకటి అక్టోబర్‌లో బొంబాయి నుంచి బయల్దేరింది, రెండోది డిసెంబర్‌లో. కొన్నవారి మనసులో మొదటి ఓడ, అమ్మినవారి మనసులో రెండో ఓడ. సరుకు వచ్చాక కొనుగోలుదారు తీసుకోనన్నాడు. 1864లో కోర్టు అతని పక్షానే నిలిచింది. ఒకే పేరు పలికినంత మాత్రాన ఒకే ఓడను తలుచుకున్నట్టు కాదు కదా.

తెలుగువారి రాజకీయ చరిత్రలోనూ ఇలాంటిది ఒకటుంది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు కుదుర్చుకున్న పెద్దమనుషుల ఒప్పందం. బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి ఒకవైపు, బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి మరోవైపు, రెండు పక్షాల్లోనూ ఇంకా కొందరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతంవారు ఉండాలన్నది అందులోని ఒక అంశం. ఆ ఏడాది నవంబర్‌లో ఏర్పడిన తొలి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి పదవే లేదు. ఆ కాగితాన్ని ఒక పక్షం కచ్చితమైన హామీగా చదువుకుంది, రెండో పక్షం సర్దుబాటుగా చదువుకుంది. ఆ తేడా ఎంత దూరం వెళ్లిందో 1969 నాటి తెలంగాణ ఉద్యమం చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక రోజువారీ లోకంలోకి వద్దాం. విజయవాడలో గానీ, గుడివాడలో గానీ, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందైనా దస్తావేజు లేఖరుల గదులుంటాయి. ఒకప్పుడు చేత్తో రాసేవారు, ఇప్పుడు కంప్యూటర్‌లో పాత దస్తావేజు తెరిచి పేర్లు, సర్వే నంబర్లు, హద్దులు మారుస్తారు. తూర్పు ఫలానావారి పొలం, దక్షిణం పుంత, పడమర బోదె, ఉత్తరం ఇంకొకరి పొలం, ఇందు మధ్య ఉన్న యకరం ఇన్ని సెంట్లు. చివర అమ్మేవారు తమ పూర్తి సమ్మతితో రాయించి ఇచ్చినట్టు ఒక వాక్యం. చదివి వినిపించగా విని సరేనన్నట్టు ఇంకో వాక్యం. ఆ రెండో వాక్యం ఎంత గొప్పదో ఆలోచించాలి. చదువు రాని మనిషి వేలిముద్ర వేసే కాలంలో, అర్థమైందా అని అడగాలన్న బాధ్యతను మన లేఖరులు దస్తావేజులోనే పెట్టారు. బాధ ఏమిటంటే, ఇప్పుడు ఆ వాక్యం అచ్చులో మిగిలింది, చదివి వినిపించడం తగ్గింది. స్లాట్ టైమ్ దాటిపోతుందని తొందర. వేలు మిషన్ మీద పెట్టు, కెమెరా వైపు చూడు, అయిపోయింది.

రిజిస్ట్రేషన్‌కు ముందు జరిగే అగ్రిమెంటుదీ ఇదే కథ. బయానా ఇచ్చి, స్టాంపు కాగితం మీద రాసుకుని, "అగ్రిమెంటు అయింది, రిజిస్ట్రేషన్ కావాలి" అంటారు. మిగతా సొమ్ము ఎప్పటికి కట్టాలి, కట్టకపోతే బయానా ఏమవుతుంది, కొలతలో సెంటో రెండు సెంట్లో తగ్గితే ధర ఎలా తగ్గుతుంది అన్నవి ఆ కాగితంలో ఉంటాయి. ఒప్పందం అమలు చేయించమని కోర్టుకు వెళ్లడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్లే. ప్రోనోటుకు మూడేళ్లని కృష్ణా డెల్టాలో ప్రతి ఇంట్లోనూ తెలుసు. అగ్రిమెంటుకూ మూడేళ్లేనని చాలామందికి లాయరు దగ్గరికి వెళ్లాకే తెలుస్తుంది.

విజయవాడలో సూర్యారావుపేట వైపు నడిస్తే కన్సెంట్ ఇంకో రూపంలో కనిపిస్తుంది. వీధి వీధికీ ఆసుపత్రులు. పల్లెల నుంచి, పక్క జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు అరుగుల మీద, మెట్ల మీద. ఆపరేషన్‌కు ముందు నర్సు ఒక అట్టకు తగిలించిన కాగితాలు తెచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని చూపిస్తుంది. చాలాచోట్ల అవి ఇంగ్లీషులోనే ఉంటాయి. పేషెంటు కొడుకో అల్లుడో పెన్ను తీసుకుంటాడు. ఆ క్షణంలో చదువుకున్నవాడి కళ్లకూ అక్షరాలు కనబడవు.

ఈ కాగితం విలువేమిటో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన ఒక తీర్పులో వివరంగా చెప్పింది. ఢిల్లీలో ఒక మహిళ 1995లో రక్తస్రావం సమస్యతో డాక్టరు దగ్గరికి వెళ్లారు. మత్తు ఇచ్చి లోపలికి కెమెరా పంపి పరీక్ష చేయడానికి ఆమె సంతకం చేశారు. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. కోర్టు ముందున్న ముఖ్యమైన ప్రశ్న: ఆమె ఒప్పుకున్నది దేనికి? పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు సమ్మతి కాదని, ప్రాణాపాయం లేనప్పుడు మేజరైన మనిషి తరఫున తల్లి సంతకం చెల్లదని కోర్టు స్పష్టం చేసింది. చేయబోయేదేమిటి, దాని లాభమేమిటి, ప్రమాదమేమిటి, వేరే దారేమైనా ఉందా అన్నవి ముందే చెప్పాలని కూడా అంది. అంటే డాక్టరు నోటి నుంచి రావలసిన నాలుగు మాటలు సంతకం కన్నా ముందు రావాలి. తెలుగు మాత్రమే తెలిసిన మనిషికి అవి తెలుగులోనే రావాలి.

ఫోన్ల దగ్గరా ఇదే చర్చ మొదలైంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, కన్సెంట్ అడిగే నోటీసు సులభమైన భాషలో ఉండాలనీ, ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలనీ చెప్పింది. ఆ భాషల్లో తెలుగు ఒకటి. ఒక ఫోన్ యాప్‌ను తెలుగులో చెప్పమని చట్టం అడుగుతున్నప్పుడు, గర్భసంచి ఆపరేషన్ కాగితాన్నీ, ఇంటి లోను కాగితాన్నీ తెలుగులో అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు.

మళ్లీ అమరావతి దగ్గరికి. 2015లో రైతు కన్సెంట్ ఇచ్చాడు. 2020 జులై 31న గవర్నర్ రెండు బిల్లులకు అసెంట్ ఇచ్చారు. ఒకటి మూడు రాజధానులు ఏర్పాటు చేసేది, రెండోది సీఆర్‌డీఏ చట్టాన్ని రద్దు చేసేది. ఒకే నేల మీద రెండు సమ్మతులు పడ్డాయి, ఒకటి రైతుది, ఒకటి రాజ్యానిది. రైతుల దీక్షలు అంతకుముందే, 2019 డిసెంబర్‌లో మొదలయ్యాయి. తాము ఒప్పుకున్నది రాజధానికి, కేవలం ప్లాటుకు కాదు అన్నది వారి వాదన. రాజధాని ఎక్కడన్నది విధాన నిర్ణయం, ప్లాటు ఇస్తే ఒప్పందం తీరినట్టే అన్నది అప్పటి ప్రభుత్వ వైఖరి. పీర్‌లెస్ ఓడ ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. ఒకే కాగితం, రెండు అర్థాలు.

2021 నవంబర్‌లో ప్రభుత్వం ఆ చట్టాలను వెనక్కి తీసుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు త్రిసభ్య ధర్మాసనం, రైతులతో కుదిరిన ఒప్పందానికి ప్రభుత్వం కట్టుబడాల్సిందేనని, వసతులు కల్పించి ప్లాట్లు అప్పగించాలని గడువులు పెట్టి ఆదేశించింది. ఆ గడువుల మీద సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబర్‌లో స్టే ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది, 2025 మే 2న ప్రధానమంత్రి పనులు పునఃప్రారంభించారు. రాజకీయాల మాట ఎలా ఉన్నా ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. ఈ పదేళ్లలో ప్రభుత్వాలు మారినా, చట్టాలు మారినా, ఆ రైతు నిలబడి అడగగలిగాడంటే అతని చేతిలో సంతకం ఉన్న కాగితం ఉండబట్టే. అర్థం విషయంలో తగువు పడ్డా, కోర్టు మెట్లు ఎక్కడానికి ఆ కాగితమే ఆధారమైంది.

ఆ కాగితం లేని రైతు డెల్టా అంతటా ఉన్నాడు.

సమ్మతి ఉండి సంతకం లేని ఒప్పందాన్ని చూడాలంటే పామర్రు, మొవ్వ, అవనిగడ్డ వైపు వెళ్లాలి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలకు నీళ్లు ఖాయమయ్యాయి. 1952లో అది దెబ్బతిన్నాక, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఖాయమైన పంట పిల్లల చదువైంది, చదువు ఉద్యోగమైంది, ఉద్యోగం విజయవాడకో హైదరాబాద్‌కో అమెరికాకో తీసుకెళ్లింది. భూమి మాత్రం పేరు మీదే ఉంది. దాన్ని దున్నేది ఇంకొకరు. దేశంలో కౌలు సాగు బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉందంటే దాని వెనక ఈ నూట డెబ్బై ఏళ్ల కథ ఉంది.

కౌలు మాట్లాడుకోవడం వినడానికి చాలా చిన్న సంగతిలా ఉంటుంది. ఎండాకాలంలో యజమాని ఊరొచ్చినప్పుడో ఫోన్‌లోనో తేలిపోతుంది.

"బాబాయ్, పక్కవాళ్లు ముప్పై ఇస్తామంటున్నారు."

"పక్కవాళ్ల మాట ఎందుకులే అబ్బాయ్. పోయిన ఏడు ఇరవై ఎనిమిది చేశాం. తుపాను దెబ్బ ఇంకా తీరలా. ఇరవై ఆరు చేసుకో."

"ఇరవై ఏడు. ఇంక మాట్లాడొద్దు."

"సరే కానీ."

అంతే, ఏడాది ఒప్పందం అయిపోయింది. ఇందులో చెప్పకుండానే ఒప్పుకున్న సంగతులు లెక్కపెడితే ఒక దస్తావేజు నిండుతుంది. ఇరవై ఏడు అంటే ఎకరానికి ఇరవై ఏడు బస్తాలు. బస్తా అంటే 75 కిలోలు. ధాన్యం అంటే ఆ ఊళ్లో ఆ ఏడు వేసే రకం, బీపీటీ 5204 అయినా, ఇంకోటి అయినా. దాళ్వాకు నీళ్లు రాకపోతే వరి కోయకముందే చల్లే మినుము చాలా ఊళ్లలో కౌలుదారుడిదే. గడ్డి ఎవరిది, నీటి తీరువా ఎవరు కట్టాలి, గట్లు ఎవరు వేయించాలి, ఇవన్నీ ఇద్దరికీ తెలుసు. 13వ సెక్షన్ అడిగిన 'ఒకే విషయం, ఒకే అర్థం' ఇంత నిండుగా ఉన్న ఒప్పందం మరొకటి చూపించడం కష్టం. నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, చట్టం దాన్ని కాదనదు.

అయితే ఆ అర్థం కూడా కాలంతో జరుగుతోంది. చేత్తో కోసి, కుప్ప వేసి, నూర్చిన రోజుల్లో బస్తా అంటే ఎండిన ధాన్యమే. ఇప్పుడు కోత మిషన్ దిగితే గంటలో గింజ ట్రాక్టర్‌లో పడుతుంది, పచ్చిగా పడుతుంది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. మరి కౌలు బస్తాకు తేమ ఎంత? ధాన్యం బదులు డబ్బే ఇమ్మంటే ఏ రోజు ధర, కోత రోజుదా, సంక్రాంతి నాటిదా? దీనికితోడు నాటు వేయకముందే కౌలు సొమ్ము చేతిలో పెట్టమనే ముందస్తు కౌళ్లు పెరిగాయి. పంట పోతే నష్టం పూర్తిగా ఒక్కడిదే అవుతుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో వరి కోతకొచ్చి ఉంది, కొన్నిచోట్ల కోసి పనల మీద ఉంది. నీళ్లలో నానిన పనలు తిరగేసింది కౌలు రైతు కుటుంబాలే. పరిహారం, బీమా జాబితాలు తయారయ్యేటప్పుడు మాత్రం అడిగేది, "నీ పేరు మీద ఏముంది?" అని.

కాగితం ఎందుకు లేదు? యజమానులది దుర్మార్గం అని తీర్పు చెప్పేస్తే సులువే, కానీ అది నిజం కాదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కౌలు రాతపూర్వకంగా ఉండాలని, కనీసం ఆరేళ్లు ఉండాలని అంది. ఉద్దేశం కౌలుదారును నిలబెట్టడమే. ఫలితం తిరగబడింది. రాసిస్తే భూమి చేతులు దాటిపోతుందన్న భయం యజమాని ఇంట్లో తరం నుంచి తరానికి దిగింది. అందుకే రాత మానేశారు, ఏటా పొలాలు మార్చేవాళ్లూ తయారయ్యారు. కోనేరు రంగారావు ఆధ్వర్యంలోని భూమి కమిటీ 2006లో భూసమస్యల మీద నివేదిక ఇచ్చింది. 2011లో భూమి అధీకృత సాగుదారుల చట్టం వచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. యజమాని సంతకంతో పదకొండు నెలలకు సీసీఆర్‌సీ అనే కార్డు ఇస్తారు. భూమి మీద హక్కు రాదు, పంట మీద హక్కు వస్తుంది. పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి, ధాన్యం అమ్మకానికి అదే ఆధారం.

పదకొండు నెలలన్న లెక్క పట్నంలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు కొత్త కాదు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న 1908 చట్టం నుంచి పుట్టిన అలవాటది. యజమాని భయం తగ్గించడానికి దాన్ని పొలానికీ తెచ్చారు. అయినా భయం పోలేదు. పైగా ఇంకో చిక్కుంది. పాస్‌బుక్ మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. తక్కువ వడ్డీ, ప్రతి ఏడూ తిరగరాస్తే చాలు. అదే సర్వే నంబరు మీద బ్యాంకు రెండో మనిషికి అప్పివ్వదు. కాబట్టి సంతకం పెట్టినా కౌలు రైతుకు రుణం అందడం కష్టం, పెట్టకపోతే అసలు లేదు. అతను వడ్డీ వ్యాపారి దగ్గరికో, ఎరువుల కొట్టు ఖాతాకో వెళ్తాడు. అక్కడ ప్రోనోటు మీద సంతకం మాత్రం ఎవరూ మరిచిపోరు.

యజమాని సంతకం అవసరం లేకుండా కార్డులు ఇచ్చేలా చట్టం మారుస్తామని 2024లో వచ్చిన ప్రభుత్వం ప్రకటించింది. మారిస్తే మంచిదే. దాగి ఉన్న కౌలును ఊరు గుర్తించడం కష్టమేమీ కాదు, ఏ పొలం ఎవరు చేస్తున్నారో ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. కానీ సంతకం తీసేసినంత మాత్రాన యజమాని మనసులో సమ్మతి పుట్టదు. సమ్మతి లేకపోతే మరుసటి ఏడు ఆ పొలం ఇంకొకరి చేతికి పోతుంది, కార్డు తీసుకున్నవాడు ఊరకే నిలబడతాడు. అందుకని గ్రామసభలో యజమాని, కౌలుదారు ఇద్దరూ ఉండగా, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న యజమాని అయితే ఫోన్‌లో వింటుండగా, కార్డు వల్ల భూమి మీద హక్కు రాదన్న నిబంధనను పాత లేఖరుల పద్ధతిలో బిగ్గరగా తెలుగులో చదివి వినిపించాలి. ఆ పక్కనే నాలుగు సంగతులు రాసుకోవాలి: ఎకరానికి ఎన్ని బస్తాలు, ఎంత తేమలో, డబ్బయితే ఏ రోజు ధర, తుపానుకు పంట పోతే కౌలులో ఎంత తగ్గింపు.

ఈ పని కోతలప్పుడు చేస్తే ఉపయోగం లేదు. ఖరీఫ్‌కు కాలువలకు నీళ్లు వదిలి నారుమళ్లు పోసేలోపే అయిపోవాలి. ఆ ఏటి పంట రుణం మొదట ఎవరి పేరున రాసుకుంటే, మళ్లీ వేసవి వచ్చేదాకా ఆ పొలం మీద రెండో మనిషికి బ్యాంకులో అప్పు పుట్టదు.